పొలానికి పోయే పెద్దమనుషులకు ఏఎండీ ఉంటే ఎండ, అద్దాలు, లైటు సంగతి ఏం చెప్పాలె?

దేవరకొండ_దృష్టి

అందరికీ నమస్తే. విజన్ సెంటర్ల కూర్చునేటోళ్లకు రోజూ ఎదురయ్యే సంగతి ఇది. ముక్కలు ముక్కలుగ తెలుసు గని ఒక్క తీరుగ చెప్పనీకి వస్తలేదు.

60 దాటిన రైతో, గీత కార్మికుడో, గొర్ల కాపరో పట్నం పోయి కంటి వెనక తెర (రెటీనా) చూపించుకొని వస్తడు. చీటీ మీద 'రెండు కండ్లల్ల డ్రూసెన్, ఇంటర్మీడియట్ ఏఎండీ' అని ఉంటది, అంటే రెటీనా కింద పసుపు మచ్చలు (డ్రూసెన్) పడ్డయి, రెటీనా నడిమి భాగం (మాక్యులా) వయసుతోని పాడయ్యే ఏఎండీ జబ్బు నడిమి దశల ఉన్నది. ఆ మనిషికి యాదికున్నది మాత్రం 'ఎండకు పోవద్దన్నరు' అనే ఒక్క ముక్క. వరి, పత్తి, బత్తాయి తోట ఉన్న మనిషికి ఎండకు పోవద్దంటే ఏం చెప్పినట్టు? కొందరు ఆ మాటనే పట్టుకొని ఇంట్ల గూడ నల్లద్దాలు పెట్టుకొని, కిటికీలు మూసుకొని కూర్చుంటున్నరు. మిగిలినోళ్లు విననే వినరు.

తేలాల్సినవి ఇవి. వెలుతురు రెటీనాను అసలు ఏం చేస్తది, తప్పు యూవీదా (కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు), నీలి రంగుదా? వయసు పెరిగితే కంటి లోపలి కటకం పసుపుకు తిరుగుతది, కనుపాప చిన్నగైతది, అంటే లోపలికి పోయే వెలుతురే తగ్గుతది కద, మరి దెబ్బ ముసలితనంలనే ఎందుకు బయటపడుతది? ఇయ్యాల్సిన అద్దాలు ఏ రంగు, ఎంత నలుపు? 'బ్లూ కట్' పేరుతోని అమ్మేటివి పనికొస్తయా? మోతిబిందు ఆపరేషన్ల పసుపు లెన్సు అడగమనాల్నా?

అంకెలతోని చెప్పుండ్రి. 'జాగ్రత్తగా ఉండాలి' లాంటి మాటలు మా గోడ మీది పోస్టర్ల నిండ ఉన్నయి.

రెటీనా_రౌండ్స్

ముందు యూవీ సంగతి తేల్చేద్దాం, సగం గందరగోళం అక్కడే. 300 నానోమీటర్ల కంటే తక్కువ తరంగాలను కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా, ఆపేస్తుంది. 300 నుంచి 400 వరకు ఉన్నవాటిని దాదాపు మొత్తం కటకమే మింగేస్తుంది. అంటే సొంత కటకం ఉన్న పెద్దవాళ్ల కంట్లో రెటీనా దాకా చేరే యూవీ నామమాత్రం. యూవీ దెబ్బ కార్నియాకు, కటకానికి, తెల్లగుడ్డు మీద నుంచి పెరుగుతూ వచ్చే కండకు. రెటీనాను చేరేది 400 పైనుంచి మొదలయ్యే కంటికి కనిపించే వెలుతురు. అందులో ఎక్కువ శక్తి ఉన్నది వయొలెట్, నీలం.

ఎండ రెటీనాను కాల్చదు. లేజర్ కాలుస్తుంది. ఎండ చేసేది రసాయన దెబ్బ, నెమ్మదిగా. ఈ తేడా 1966లో నోయెల్ ఎలుకల మీద చేసిన పనితో మొదట బయటపడింది: వేడి పుట్టనంత మామూలు వెలుతురులో గంటల తరబడి ఉంచితే చాలు, వెలుతురును పట్టే కణాలు (ఫొటోరిసెప్టర్లు) చచ్చిపోయాయి. 1976లో హామ్ బృందం కోతుల మీద చేసి, 441 నానోమీటర్ల నీలం దగ్గర దెబ్బ తగలడానికి ఎరుపు దగ్గర కావలసిన శక్తిలో చాలా చిన్న భాగం సరిపోతుందని చూపింది. 'బ్లూ లైట్' అనే మాట పుట్టుక అక్కడ. ఫోన్లు వచ్చాక పుట్టింది కాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, అదే అసలైనది. ఫొటోరిసెప్టర్ కొనలో వెలుతురును పట్టే బిళ్లలు దొంతరగా పేర్చి ఉంటాయి. రోజూ అందులో పదో వంతు రాలిపోతుంది, కింద కొత్తవి పుడతాయి. రాలినదాన్ని వెనకున్న పిగ్మెంట్ పొర, అంటే ఆర్‌పీఈ, మింగి అరిగించుకోవాలి. ఆర్‌పీఈ కణాలు విభజన చెంది కొత్తవి పుట్టవు. ఇరవైలో ఉన్న కణమే డెబ్బైలోనూ ఆ చాకిరీ చేస్తుంది. బిళ్లల పొరల్లో డీహెచ్‌ఏ అనే కొవ్వు నిండుగా ఉంటుంది, పక్కనే కోరాయిడ్ అనే రక్తనాళాల పొర నుంచి ఆక్సిజన్ ధారగా వస్తుంటుంది. కొవ్వు, ఆక్సిజన్, వెలుతురు మూడూ ఒక్కచోట. గానుగ పట్టిన పల్లినూనెను మూత తీసి ఎండలో పెడితే ముక్కిపోతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే జాతి చర్య.

అరగకుండా మిగిలిన చెత్త ఆర్‌పీఈ కణంలోనే పేరుకుంటుంది. దాని పేరు లైపోఫసిన్. అందులో ఏ2ఈ అనే పదార్థం 430 నానోమీటర్ల చుట్టుపక్కల నీలి వెలుతురును బాగా పీల్చుకుంటుంది. పీల్చుకున్న శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటగడుతుంది. ఆ ఆక్సిజన్ కణం సొంత పొరలనే కొరుకుతుంది. కాబట్టి డెబ్బై ఏళ్ల కంటిలోకి వెలుతురు తక్కువే పోతున్నా, అది పడేచోట అంటుకునే సరుకు పెరిగింది. నిప్పురవ్వ చిన్నదైంది, గడ్డివాము పెద్దదైంది.

దీనికి అడ్డుగా మాక్యులాలో సహజంగా పసుపు రంగు ఉంటుంది, ల్యూటిన్, జియాజాంథిన్. సుమారు 460 దగ్గర నీలాన్ని పీల్చుకునే సొంత చలువద్దం అన్నమాట. అది మునగాకు, పాలకూర, తోటకూర, మక్కజొన్న, గుడ్డులో పచ్చసొన నుంచే రావాలి, శరీరం తయారు చేసుకోదు. కాస్త నూనెతో వండితేనే ఒంటికి పడుతుంది.

ఇంతవరకు ప్రయోగశాల. మనుషుల్లో రుజువు ఎంత? ఇక్కడ నిజాయితీగా ఉండాలి. అమెరికాలో చెసపీక్ బే మత్స్యకారులు 838 మందిని చూస్తే యూవీకీ ఏఎండీకీ సంబంధం కనపడలేదు. గత 20 ఏళ్లలో కళ్లలో పడ్డ నీలి వెలుతురుకు, ముదిరిన ఏఎండీకి మాత్రం సంబంధం కనిపించింది. అయితే ముదిరినవాళ్లు ఆ గుంపులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. బీవర్ డ్యామ్ అధ్యయనంలో యౌవనంలో, ముప్ఫైల్లో వేసవిలో రోజుకు 5 గంటలకు పైగా ఎండలో గడిపినవాళ్లకు, 2 గంటల లోపు గడిపినవాళ్ల కంటే తొలిదశ మార్పులు ఎక్కువ వచ్చాయి. టోపీ, చలువద్దాలు వాడినవాళ్లకు తక్కువ. ఐరోపాలో చేసిన యూరై అధ్యయనంలో మొత్తం మీద సంబంధం తేలలేదు, కానీ రక్తంలో యాంటీఆక్సిడెంట్లు బాగా తక్కువున్నవాళ్లలో నీలి వెలుతురుకు, రక్తనాళాలు పుట్టే తడి రకానికి లంకె కనిపించింది.

నా మాటల్లో చెప్పాలంటే వెలుతురు నేరస్తుల్లో ఒకడు, ముఠా నాయకుడు కాదు. వయసు, జన్యువులు మన చేతిలో లేవు. చేతిలో ఉన్నవాటిలో పెద్దది పొగ. బీడీ, చుట్ట తాగేవాళ్లకు ప్రమాదం రెండు నుంచి నాలుగు రెట్లు. బీడీ మానకుండా ఖరీదైన చలువద్దాలు కొనడం చిల్లికుండకు మూత బిగించినట్టే. మీ దగ్గరికి వచ్చినవాళ్లకు మొదటి మాట అది చెప్పండి, రెండోది అద్దాలు.

అద్దాల_లెక్క_జడ్చర్ల

అద్దాల సంగతి నేను చెప్త. అన్నా, మూడు వేరు వేరు గుణాలను జనం ఒక్కటే అనుకుంటరు: యూవీ ఆపుడు, నలుపు, రంగు. దేనికదే.

యూవీ ఆపనీకి నలుపు అక్కర్లేదు. పాలికార్బొనేట్ తెల్లద్దం గూడ దానంతటదే సుమారు 380 దాక ఆపుతది. సీఆర్ 39 ప్లాస్టిక్ సాదాగ ఉంటే 350 దాకనే, 400 దాక రావాలంటే తయారీలనే మందు కలపాలె. పాత గాజుటద్దం ఇంక తక్కువ. 'యూవీ 400' స్టిక్కరు మీద నమ్మకం లేకుంటే దొంగనోట్లు చూసే యూవీ టార్చి తీసుకోండ్రి. చీకట్ల 500 నోటు మీద వేస్తే కొన్ని గుర్తులు మెరుస్తయి. నడుమ అద్దం పెట్టండ్రి. మెరుపు పోతే అద్దం ఆపుతున్నట్టు. ఒక్క జాగ్రత్త: చౌక టార్చీలు 395 దగ్గర వెలుగుతయి, వాటిల కంటికి కనపడే ఊదా కాంతి గూడ ఉంటది. ఊదా వెలుగు అద్దం దాటి వస్తుందని ఫెయిల్ చేయొద్దు. చూడాల్సింది నోటు మీది మెరుపు.

నలుపుకు కేటగిరీ అంకె ఉంటది, ఫ్రేము కాడ లోపలి దిక్కు అచ్చేసి ఉంటది. 2 అంటే 18 నుంచి 43 శాతం వెలుతురు వదుల్తది. 3 అంటే 8 నుంచి 18. 4 అంటే 3 నుంచి 8. పొలం పనికి 3 ఇయ్యాలె. 4 బండి గాని ట్రాక్టరు గాని నడిపేటోళ్లకు ఇయ్యొద్దు, అది రోడ్డు మీదికి పనికిరాదు. ఏఎండీ ఉన్నోళ్లకు ముందే కాంట్రాస్టు తక్కువుంటది, 4 పెడితే గట్టు ఎక్కడో గుంట ఎక్కడో తెల్వదు, పడ్తరు.

'నల్లద్దం పెడితే కనుపాప పెద్దగైతది, ఇంక ఎక్కువ వెలుతురు పోతది' అని ఒక మాట తిరుగుతుంటది. లెక్క కడుదాం. ఎండల 2 మిల్లీమీటర్లున్న పాప అద్దం వెనక 3 అయ్యిందనుకోండ్రి. వైశాల్యం రెండుంబావు రెట్లు. అద్దం 15 శాతం వదిల్తే 15ను 2.25తోని గుణిస్తే 34 శాతం. అంటే ఇంక మూడింట రెండొంతులు తగ్గినట్టే. కనిపించే వెలుతురుతోపాటు యూవీని గూడ ఆపే అద్దమైతే భయమే లేదు. యూవీ ఆపని చవక నల్లద్దం అయితే ఆ పెద్దగైన పాపల నుంచి కటకం మీద యూవీ ఎక్కువ పడ్తది, నష్టం అక్కడ.

ఇగ రంగు. గ్రే అన్ని రంగులను సమానంగ తగ్గిస్తది, మిరపకాయ పండిందా లేదా తెలుస్తది. బ్రౌన్, అంబర్ నీలాన్ని ఎక్కువ కోస్తయి, గట్టు అంచు, రాయి, మెట్టు కొట్టొచ్చినట్టు కనపడ్తయి. డ్రూసెన్ ఉన్నోళ్లు ఎక్కువమంది పెట్టి చూసినంక బ్రౌనే కావాలంటరు. షాపు లోపల ట్యూబ్‌లైటు కింద చూపించి అమ్మొద్దు, గడప దాటించి ఎండల నిలబెట్టి రెండూ మార్చి మార్చి పెట్టియ్యాలె. నీలం, గులాబీ రంగువి ఫ్యాషన్‌కే.

బ్లూ కట్ తెల్లద్దాలు: 420 కింద బాగనే ఆపుతయి, ఆ పైన నీలాన్ని సగటున ఓ 10 నుంచి 25 శాతం తగ్గిస్తయి, అంతే. 3వ కేటగిరీ గ్రే అద్దం 80 శాతం పైనే తగ్గిస్తుంటే ఎండకు దాన్ని వదిలి దీన్ని ఎందుకు కొనాలె? ఫోను కోసం అంటరా, ఫోను స్క్రీన్ వెలుగు 500 నిట్స్ (వెలుగు కొలత) అనుకోండ్రి. సున్నమేసిన గోడ మీద మిట్టమధ్యాహ్నం ఎండ పడితే ఆ గోడ 25 వేల నిట్స్ దాక వెలుగుతది. 50 ఫోన్లంత. గోడను చూసి భయపడనోళ్లు ఫోనును చూసి భయపడుడు సిత్రం. 2023ల వచ్చిన, ప్రయోగాలన్నిటిని కలిపి తూచే కాక్రేన్ సమీక్ష గూడ బ్లూ ఫిల్టర్ అద్దాలతోని కంటి అలసట తగ్గుతదన్న దానికి ఆధారం లేదని తేల్చింది.

ఫొటోక్రోమిక్, అంటే ఎండకు నల్లగయ్యే అద్దాలు, మన దగ్గర ఒక తిరకాసుతోని వస్తయి. అవి వేడికి తక్కువ నల్లబడ్తయి. చలికాలం పొద్దున మస్తుగ నల్లగైనయి, మే నెల 43 డిగ్రీల కాడ సగం సగం ఉంటయి, సరిగ్గ కావాల్సినప్పుడే. కారుల ముందద్దం యూవీని ఆపుతది గనుక లోపల కూర్చుంటే దాదాపు నల్లబడవు. పొలం మనిషికి అవి ఇచ్చి 'ఇగ సాలు' అనొద్దు.

నాట్ల టైముల నీళ్లు నిలిచిన మడి నుంచి తిప్పికొట్టే వెలుతురు టోపీ కిందికెల్లి వస్తది. పోలరైజ్డ్ అద్దం ఆ మెరుపును బాగ కోస్తది. అసలుదో కాదో తెలియాలంటే ఫోను స్క్రీన్ ముందర అద్దాన్ని పట్టి మెల్లగ గుండ్రంగ తిప్పండ్రి, ఒక వాటంల స్క్రీన్ నల్లగ అయిపోవాలె.

అన్నిటికన్నా ముఖ్యం ఫ్రేము. కనుబొమ్మకు ఫ్రేముకు నడుమ చిటికెన వేలు దూరితే ఆ అద్దం వద్దు. పక్కలు మూసుకొని వంగి ఉండే మోడల్ ఇయ్యాలె. పవర్ ఉన్నోళ్లకు వాళ్ల అద్దాల మీద తొడుక్కునేటివి దొరుకుతయి, అవి సూడ్డానికి బాగుండవు గని పని అవే చేస్తయి. తువ్వాలతోని పొడిగ తుడుసుడు బంద్ చేయించండ్రి. ముందు నీళ్లు పోసి దుమ్ము కడగాలె, లేకుంటే మూణ్ణెల్లల నడుమ భాగం గీతలు పడి ఎండకు మొత్తం తెల్లగ పొగలాగ కనపడ్తది, అప్పుడు తీసి మూలకు పడేస్తరు.

11 నుంచి 3 దాక పెట్టుకుంటే సాలు.

రెటీనా_రౌండ్స్

చివరి వాక్యం ఒక్కటి ఒప్పుకోను. మిగతాదంతా బాగుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ సుమారు 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కనుబొమ్మ ఎముక, పై రెప్ప, టోపీ అంచు కంటికి నీడనిస్తాయి. నేల మీద ఎండ ఎక్కువ, కంట్లోకి నేరుగా పోయేది తక్కువ. పొద్దు వాలుగా ఉన్నప్పుడు, అంటే ఉదయం 8 నుంచి 10, సాయంత్రం మళ్లీ 2 నుంచి 4, ముఖం సూర్యుడి వైపు తిప్పి పనిచేస్తే నేరుగా లోపలికి పోతుంది. తూర్పుకు తిరిగి కలుపు తీసేవాళ్లు, తాటిచెట్టు మీద పొద్దున్నే పైకి చూస్తూ ఎక్కేవాళ్లు ఈ లెక్కలోకే వస్తారు. మడి నీళ్ల సంగతీ అంతే: నడినెత్తి ఎండలో నీళ్లు రెండు మూడు శాతమే తిప్పికొడతాయి, పొద్దు బాగా వాలితే మూడో వంతు దాకా. కాబట్టి పొద్దున పనికి దిగినప్పటి నుంచే అద్దాలు పెట్టుకోవాలి.

రుమాలు తలకు గుండ్రంగా చుడితే కంటికి నీడ రాదు. ముందుకు 7, 8 సెంటీమీటర్లు పొడుచుకు వచ్చే అంచు కావాలి, తాటాకు టోపీ అయినా సరే. ఆ అంచు ఒక్కటే కంట్లో పడేదాన్ని సగం దాకా తగ్గిస్తుంది.

పొద్దున సూర్యుణ్ని తేరిపార చూస్తే చూపు పెరుగుతుందని నమ్మేవాళ్లు ఉన్నారు. దయచేసి మాన్పించండి. దండం పెట్టుకోవచ్చు, కళ్లు దించుకుని. ఎర్రటి సూర్యుణ్ని కూడా నిమిషాల తరబడి చూస్తే మాక్యులా మధ్యలో మచ్చ మిగలొచ్చు, నొప్పి ఉండదు కాబట్టి చాలాసేపటికి గాని తెలియదు. గ్రహణాన్ని ఎక్స్‌రే ఫిల్ముతో చూడటం ఇదే కథ. వెల్డింగ్ దగ్గర 'కళ్లలో ఇసుక పోసినట్టు' రాత్రి వచ్చే మంట మాత్రం కార్నియాది, అది రెండు రోజుల్లో మానుతుంది. ఆ మంట రాలేదు కాబట్టి రెటీనా బాగుందనుకోవద్దు.

మోతిబిందు_బల్ల

సార్లు ఇద్దరూ చెప్పినాక నాకు మిగిలింది ఆపరేషన్ భాగమే.

పసుపుకు తిరిగిన సొంత కటకం కొంత నీలాన్ని ఆపుతూ ఉండేది నిజం. దాన్ని తీసి తెల్ల లెన్సు పెడితే నీలం ఎక్కువ పోతుంది, అదీ నిజం. అందుకే మొదటి వారం 'అన్నీ నీలిగా, కళ్లు చెదిరేటట్టు ఉన్నాయి' అంటారు, అది ఇబ్బంది కాదు, మెదడు సర్దుకుంటుంది. కానీ దీనివల్ల ఏఎండీ ముదురుతుందని గట్టిగా రుజువు కాలేదు. పసుపు లెన్సు మాక్యులాను కాపాడుతుందని కూడా రుజువు కాలేదు. 2018 కాక్రేన్ సమీక్ష ఆ మాటే చెప్పింది. ఇప్పుడు పెట్టే తెల్ల లెన్సుల్లో యూవీ ఫిల్టర్ ఉండనే ఉంటుంది. పసుపుదే పెట్టినా నష్టం లేదు. దానికోసం అప్పు చేయొద్దని చెప్పండి. ఆ డబ్బు మంచి చలువద్దానికి, మళ్లీ చెకప్‌కు పోయే బస్సు ఖర్చుకు పెడితే మేలు.

రెటీనాలో డ్రూసెన్ ఉందని భయపడి ఆపరేషన్ ఏళ్లు వాయిదా వేయడం ఎక్కువ చూసే తప్పు. మోతిబిందు ముదిరితే లోపలి రెటీనా మాకు కనపడదు, తడి ఏఎండీ మొదలైనా పట్టుకోలేం. తడి ఏఎండీ ఇప్పటికే ఉంటే వరస మారుతుంది: ముందు ఇంజెక్షన్లతో దాన్ని అదుపు చేసి, తర్వాత మోతిబిందు.

ఒక గుంపును మాత్రం ఎవరూ తలుచుకోరు. లెన్సు పెట్టే పద్ధతి రాకముందు శిబిరాల్లో ఆపరేషన్ అయ్యి, ఇప్పటికీ సోడాబుడ్డి అద్దాలతో తిరిగేవాళ్లు. వాళ్లకు కంట్లో కటకమే లేదు, అంటే పైన చెప్పిన 300 నుంచి 400 యూవీ నేరుగా రెటీనాకే పోతుంది. వాళ్ల అద్దం యూవీ 400 ఉండి తీరాలి. మీ నోటు పరీక్ష ముందు వాళ్ల అద్దాల మీద చేయండి. పాత గాజువి అయితే మార్చండి.

పాప పెద్దది చేసే చుక్కలు వేసిన రోజు సంగతి కూడా. పట్నంలో పొద్దున చుక్కలు వేయించుకుని మధ్యాహ్నం బస్సులో దేవరకొండకో అచ్చంపేటకో తిరుగు ప్రయాణం. పాప 2 నుంచి 7 మిల్లీమీటర్లు అయితే వెలుతురు 12 రెట్లు. ఆ చుక్కల మందు ట్రోపికమైడ్ పని 4 నుంచి 6 గంటలు ఉంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ. చలువద్దాలు, టోపీ సంచిలో పెట్టుకుని పొమ్మనండి, ఎండపడే కిటికీ వైపు కూర్చోవద్దనండి, బండి నడపొద్దనండి.

వర్టిపోర్ఫిన్ అనే మందు నరానికి ఎక్కించి లేజర్ కొట్టే చికిత్స కొందరికి చేస్తారు, రక్తనాళాలు బుడిపెల్లా ఉబ్బే పాలిపాయిడల్ రకం మన దేశంలో కనపడుతూనే ఉంటుంది కాబట్టి. ఆ మందు ఒంట్లో ఉన్నంతసేపు వెలుతురు పడితే చర్మం, కళ్లు దెబ్బతింటాయి. 5 రోజులు ఎండ ముఖం చూడకూడదు. ఎండకు పోవద్దు అనే మాట అక్షరాలా వర్తించేది ఇక్కడ. ఇంట్లో మామూలు లైటు మాత్రం ఉంచుకోవాలి, చర్మంలో మిగిలిన మందు ఆ వెలుతురుకే కొంచెం కొంచెంగా విరిగిపోతుంది.

దేవరకొండ_దృష్టి

చాన మంచిగ చెప్పిండ్రు. ఇంక రెండు. ఇంట్ల చీకట్ల కూర్చునేటోళ్లకు ఏం చెప్పాలె? విటమిన్ గోళీలు రాయమని అడుగుతరు, ఎవరికి?

చదువుదీపం

చీకటి వాళ్లకు కీడే చేస్తుంది. అరవై ఏళ్ల మనిషి రెటీనాకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల మనిషికి చేరేదాంట్లో సుమారు మూడో వంతు. ఏఎండీ తోడైతే చదవడానికి, బియ్యంలో రాళ్లు ఏరడానికి మామూలు కంటే ఎన్నో రెట్లు వెలుతురు కావాలి. ఇంటి లైటు మామూలుగా కొన్ని వందల లక్సే (పడే వెలుతురు కొలత), బయట ఎండ లక్ష లక్స్. ఇంట్లో లైటు వల్ల రెటీనా పాడైతదన్న భయం అక్కర్లేదు.

లైటు పెంచడం అంటే వాట్లు పెంచడం కాదు, దగ్గరికి తేవడం. మీటరు దూరంలో ఉన్న బల్బును అరమీటరుకు తెస్తే పుస్తకం మీద వెలుతురు 4 రెట్లు, 33 సెంటీమీటర్లకు తెస్తే 9 రెట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, వంచే కాడ ఉన్న స్టాండు, బల్బు కనపడకుండా డొప్ప. చూపు కాస్త బాగున్న కన్ను వైపు, భుజం వెనక నుంచి, కాగితం మీద పడేటట్టు. చేసే తప్పు ఒక్కటే ఉంటుంది: దీపాన్ని ఎదురుగా పెడతారు, బల్బు కంట్లో కొడుతుంది, 'లైటు పడదు' అని తీసేస్తారు. 6500 కెల్విన్ తెల్లబల్బు కంట్లో గుచ్చినట్టుందంటే 3000 దాని పసుపు బల్బు పెట్టండి, అది సుఖం కోసమే.

ఇంట్లో నల్లద్దాలు తీయించండి. రోజంతా మసక వెలుతురులో ఉంటే నిద్ర వేళలు కూడా తలకిందులవుతాయి.

ఎండలోంచి లోపలికి వస్తే ఏమీ కనపడక గడప తట్టుకుని పడటం వీళ్లలో ఎక్కువ. మాక్యులా దెబ్బతింటే వెలుతురు తాకిడి నుంచి తేరుకోవడానికి ఆలస్యం అవుతుంది. అరుగు మీద రెండు మూడు నిమిషాలు కూర్చున్నాకే ఇంట్లోకి పోవాలి. బయట చలువద్దాలు పెట్టుకున్న రోజు ఈ ఆలస్యం తక్కువ, ఇది వాళ్లే గమనించి చెప్తారు, అద్దాలు వాడించడానికి దీనికంటే మంచి కారణం మీకు దొరకదు. గడప అంచుకు, మెట్ల అంచుకు పసుపు రంగు పట్టీ వేయించండి.

దీన్నే పరీక్షగా వాడొచ్చు. దూరపు అద్దాలతో ఒక్కో కన్ను విడిగా చూపు రాసుకోండి. రెండో కన్ను మూసి, పరీక్షించే కంటికి 2, 3 సెంటీమీటర్ల దూరం నుంచి పెన్‌టార్చి 10 సెకన్లు చూపండి. తీసేసి, ఇందాక చదివిన చిన్న వరుసకు పై వరుస చదవడానికి పట్టిన సెకన్లు లెక్కపెట్టండి. సుమారు నిమిషం లోపు అయితే మామూలు. నిమిషంన్నర, మూడు నిమిషాలు పడితే మాక్యులా వైపు చూడాలి. కంటి నరం జబ్బులో ఈ టైము పెరగదు, తేడా పట్టుకోవడానికి అదీ పనికొస్తుంది. చుక్కలు వేయకముందే చేయాలి.

రెటీనా_రౌండ్స్

గోళీల సంగతి క్లుప్తంగా. అందరికీ కాదు. ఇంటర్మీడియట్ దశ, అంటే 125 మైక్రాన్లు దాటిన డ్రూసెన్ ఉన్నవాళ్లకు, లేదా ఒక కంట్లో ముదిరిపోయి రెండోది కాపాడుకోవాల్సినవాళ్లకు. అరెడ్స్ అనే అమెరికా విటమిన్ల అధ్యయనం 2001 ఫలితాల్లో వీళ్లలో ముదిరే ప్రమాదం 5 ఏళ్లలో సుమారు 25 శాతం తగ్గింది. తొలిదశవాళ్లకు, జబ్బు లేనివాళ్లకు లాభం కనపడలేదు. ఇప్పుడు వాడే లెక్క: విటమిన్ సీ 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఈ 400 ఐయూ, ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2, జింక్ 80, రాగి 2 మిల్లీగ్రాములు. డబ్బా వెనక ఈ అంకెలతో పోల్చి చూడండి, పేరు చూసి కాదు. బీటా కెరోటిన్ ఉన్నది బీడీ తాగేవాళ్లకు, తాగి మానేసినవాళ్లకు ఇవ్వొద్దు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు. 2013 అరెడ్స్ 2లో దాన్ని ల్యూటిన్, జియాజాంథిన్‌తో మార్చింది అందుకే. చేపనూనె గోళీలు అదనంగా ఏమీ చేయలేదు. చేప తినమనండి.

గోళీలు, అద్దాలు ఏవి ఇచ్చినా ఆమ్స్లర్ గళ్ల కాగితం చేతిలో పెట్టి పంపండి. 10 సెంటీమీటర్ల చదరం, 5 మిల్లీమీటర్ల గళ్లు, 30 సెంటీమీటర్ల దూరం, దగ్గరి అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి నడుమ చుక్కను చూడాలి. రెండు కళ్లతో చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది, ఏడాది దాకా తెలియదు. కాగితం పోగొట్టుకునేవాళ్లకు దర్వాజ చూపండి: మంచం మీద ఒకేచోట కూర్చుని రోజూ పొద్దున ఒక్కో కంటితో దాని నిలువు కమ్మిని చూడాలి. నిన్న తిన్నగా ఉన్నది ఇవాళ మధ్యలో వంగినా, ఒక చోట మాయమైనా తడి రకం మొదలైనట్టు అనుకోవాలి. నెల తర్వాత వచ్చే అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు, ఆ వారంలోనే రెటీనా డాక్టర్ దగ్గర ఉండాలి.

అద్దాల_లెక్క_జడ్చర్ల

8 గంటల ముచ్చట ఒప్పుకున్న సార్. బిల్లు వెనక '11 నుంచి 3' అని నేనే రాసిస్తుంటి, రేపటి సంది 'పొద్దు పొడిచినప్పటి నుంచి' అని రాస్త.